సహనివేశ కంచుకజీవులు

కంచుకజీవులని జంతుశాస్త్రమున వ్యవహరింపబడు సముద్రప్రాణులలో ఒంటరిగా బ్రదుకునవి కొన్ని. అనేకములు కూడి ఒకే తొడుగున, పెక్కు జాతులలో ఒకే రక్తప్రవాహముతో బ్రదుకునవి కొన్ని. ఈ రెండవ తెగకు సహనివేశ కంచుకజీవులని పేరు. ఇవి రాళ్ళ అడుగు పార్శ్వములను, రేవులలోని స్తంభములను, నావల అడుగు చెక్కలను, సముద్రపు గడ్డి ఆకులను అంటిపెట్టుకొని, పసుపు, నారింజ, ఊదా, నీలి వన్నెల పలుచని పొరలుగానో ముద్దలుగానో పెరుగును. వేలితో నొక్కినప్పుడు తాటిముంజెవలె మెత్తగా, చల్లగా, జారుడుగా తగులు ఈ పొరను చూచినవారు నాచనియో, స్పంజికయనియో భ్రమపడుట సహజము. దానికి తలలేదు, కాలులేదు, నాటుకొన్న చోటు విడిచి ఈదిపోవు శక్తి లేదు. అయినను వెన్నెముకగల జంతువులకు, అనగా చేపలకును పక్షులకును మానవునకును, నేడు జీవించియున్న ప్రాణులలో అత్యంత సన్నిహితమైన జ్ఞాతివర్గము ఈ కంచుకజీవులదే యని 2006లో ప్రకటితమైన జన్యుపరిశోధనలు తేల్చినవి. అంతకు పూర్వము ఆ స్థానమును ఆంఫియాక్సస్ అను సముద్రప్రాణికి ఇచ్చుచుండిరి.

ఈ ప్రాణులను గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఎరుగును. ఆయన తరువాత పందొమ్మిదవ శతాబ్దారంభము వరకును పండితులు వీనిలో ఒంటరి జాతులను నత్తలకును ఆలిచిప్పలకును దాపున నుంచుచు వచ్చిరి. నేడు బోట్రిల్లస్ ష్లోసెరి అను పేర ప్రసిద్ధిగాంచిన జాతిని 1766లో పల్లాస్ వర్ణించినప్పుడు దానిని మెత్తని పగడపుజీవుల ప్రజాతియగు ఆల్సియోనియమ్‌లో చేర్చెను. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సావిన్యీ ఇట్టి ముద్దలను సూక్ష్మముగ విచ్ఛేదించి, ఒక్కొక్క ముద్ద అనేక సంపూర్ణప్రాణుల కూడిక యనియు, అందలి ప్రతిప్రాణి నిర్మాణమును ఒంటరి జాతుల నిర్మాణమునే పోలియున్నదనియు చూపెను. ఆ వత్సరముననే లామార్క్ ఈ వర్గమునకు ట్యూనికేటా యని నామకరణము చేసెను. అయినను వీని వంశము తెలియుటకు మరి యేబది ఏండ్లు పట్టినది. 1866లో రష్యాదేశీయుడగు అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ ఒంటరి కంచుకజీవుల పిండాభివృద్ధిని దశదశకును అనుసరించి, వాని డింభకమున తోక పొడవునను, వెన్నెముకజీవుల పిండములందువలె, పృష్ఠవంశ మున్నదనియు, దానిపైన బోలుగానున్న నాడీదండ మున్నదనియు ప్రకటించెను. ప్రౌఢదశలో చిహ్నమైనను మిగులని వంశలక్షణము శైశవమున స్పష్టముగా నిలిచియుండుట ఆనాటి శాస్త్రలోకమును కలచివేసినది. 1871లో మానవుని అవతరణమును గూర్చి వ్రాసిన గ్రంథమున డార్విన్ ఈ సాక్ష్యమును ఆదరముతో చర్చించెను.

మన దేశమున జంతుశాస్త్రము పట్టమునకై చదివినవారిలో హెర్డ్‌మానియాను ఎరుగనివారు అరుదు. 1936లో ఎస్. ఎం. దాస్ దానిని గూర్చి వ్రాసిన గ్రంథము తరువాతి పాఠ్యపుస్తకములకు ఆధారమైనది. కాని హెర్డ్‌మానియా ఒంటరి జాతి. ఇంతవరకు వర్ణింపబడిన సుమారు మూడువేల జాతులలో సగమునకు పైగా సహనివేశములుగా జీవించునవే యగుటచే, హెర్డ్‌మానియాను మాత్రమే చదివినవారు ఈ వర్గపు జీవశాస్త్రమున మిక్కిలి విచిత్రమైన భాగమును విడిచినవారే యగుదురు.

సహనివేశమందలి ఒక్కొక్క ప్రాణికి జూయిడ్ అని పేరు. బోట్రిల్లస్ జూయిడ్ పొడవు ఇంచుమించు రెండు మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి దేహముననే ముఖద్వారము, విశాలమైన గ్రసని, జీర్ణాశయము, ప్రేగు, హృదయము, నాడీగ్రంథి, అండాశయములు, ముష్కములు అన్నియు అమరియుండును. గ్రసని గోడలయందు వరుసలుగా తీర్చిన చీలికలు కలవు. వాని అంచులనున్న శైలికల కదలికచే సముద్రజలము ఎడతెగక లోనికి ప్రవహించును. గ్రసని అడుగున నిలువుగా సాగు ఎండోస్టైల్ అను గాడినుండి స్రవించు శ్లేష్మము పలుచని వలగా గోడలపై ప్రాకి, నీటిలోని సూక్ష్మప్లవకములను పట్టి, త్రాడుగా చుట్టుకొని అన్నవాహికలోనికి పోవును. ఈ గాడి నీటిలోని అయొడీన్‌ను గ్రహించి నిలుపుకొను శక్తి గలది. మన కంఠమునందలి అవటుగ్రంథికి ఇదియే పూర్వరూపమని తులనాత్మక శరీరశాస్త్రము చెప్పుచున్నది. వడపోయబడిన నీరు గ్రసనిని దాటి బయటి కుహరమున చేరి వెడలిపోవలెను. ఇచ్చటనే సహనివేశజాతుల ప్రత్యేకత కనబడును. బోట్రిల్లస్‌లో ఐదారు మొదలు పదునైదిరువది వరకు జూయిడ్లు ఒక కేంద్రముచుట్టు నక్షత్రాకారమున అమరి, ముఖద్వారములను అంచువైపునకు త్రిప్పుకొని, వెలుపలికి పోవు నీటిని మాత్రము నడుమనున్న ఒకే ఉమ్మడి ద్వారమున విడుచును. ఒక్కొక్క జూయిడ్ విడుచు నీరు మందగతిని వెడలి దాని ముఖద్వారముననే తిరిగి ప్రవేశించు ప్రమాదము కలదు. పదింటి నీరు ఒకటై ఒక రంధ్రమున వెడలినచో ఆ ధార దూరముగా పోవును. ఆహారమును లోనికి గొనుట దేనిది దానిదే, వ్యర్థమును పంపుట ఉమ్మడి యన్నది ఈ ఏర్పాటు.

జూయిడ్లన్నింటిని పొదివికొని యుండు కంచుకము జంతులోకమున అపూర్వమైన పదార్థముతో నిర్మితము. 1845లో కార్ల్ ష్మిట్ దీనిని పరీక్షించి అందు సెల్యులోజ్ కలదని తెలిపెను. వృక్షముల కణకవచమునకు మూలమైన ఈ పదార్థమును స్వయముగా తయారుచేసికొను జంతువర్గము కంచుకజీవులది యొక్కటియే. దీనికి కావలసిన జన్యువు వీని పూర్వీకులకు ఏనాడో బాక్టీరియానుండి సంక్రమించినదని 2004లో వెలువడిన పరిశోధనలు సూచించినవి. ఈ కంచుకము నిర్జీవపు పెంకు గాదు; దీనిలో కణములు సంచరించుచుండును, రక్తనాళములు శాఖోపశాఖలుగా వ్యాపించియుండును.

ఆ రక్తనాళముల నడకను కన్నులార చూచుట కష్టము గాదు. బోట్రిల్లస్‌ను గాజుపలకపై పెంచి, పలకను వెల్లకిల త్రిప్పి సూక్ష్మదర్శినితో అడుగునుండి పరికించుట పరిశోధకుల వాడుక. అప్పుడు సహనివేశపు అంచు పొడవునను వరుసగా, రక్తనాళముల కొనలు ఉబ్బి యేర్పడిన చిన్నచిన్న బుడిపెలు కానవచ్చును. అవి ఒక లయతో ముడుచుకొని విచ్చుకొనుచుండును. రంగుగల కణములు కొన్ని, రంగులేని కణములు కొన్ని బారులు తీరి వానిలోనికి దూసికొనిపోవును. ఇంతలో వేగము తగ్గును. కణములన్నియు ఒక్క క్షణము నిలిచిపోవును. మరుక్షణమున వచ్చిన దారినే వెనుకకు మరలును. హృదయము కొన్ని నిమిషములకొకసారి తన స్పందనదిశను మార్చుకొనుటయే దీనికి హేతువు. ఈ విపర్యయమును 1820ల తొలినాళ్ళలో వాన్ హాసెల్ట్ అను డచ్చి ప్రకృతిశాస్త్రజ్ఞుడు సాల్పులు అను కంచుకజీవులలో మొదట గుర్తించెను. ఇది కంచుకజీవులన్నింటికి సామాన్యమని తరువాత తెలిసినది. బోట్రిల్లస్‌లో అనేక జూయిడ్ల హృదయములు ఒకే నాళవ్యవస్థలోనికి రక్తమును నెట్టుచున్నను, జూయిడ్లను తొలగించిన పిదపకూడ అంచునందలి బుడిపెలు తమంత తాము ముడుచుకొనుచు రక్తమును కదల్చగలవు.

జూయిడ్లు కూడియుండు తీరు అన్ని జాతులయందును ఒక్కటి కాదు. పెరోఫొరా, క్లావెలీనా మొదలగువానిలో అవి వేర్వేరుగా నిలిచి, అడుగున ప్రాకు తీగలవంటి నాళములచే మాత్రము కలిసియుండును. డిడెమ్నమ్, అప్లీడియమ్‌లలో ఒకే కంచుకమున మునిగియున్నను వానికి ఉమ్మడి రక్తనాళములు లేవు. సంతానముగా క్రొత్త జూయిడ్లు కోరకములనుండి పుట్టు విధానమును జాతికొక తీరుననున్నది: పెరోఫొరాలో ప్రాకుతీగనుండి, అప్లీడియమ్‌లో ఉదరభాగము అడ్డముగా తునుకలగుటచే, డిడెమ్నమ్ కుటుంబమున అన్నవాహికా ప్రాంతమునుండి, బోట్రిల్లస్‌లో దేహపార్శ్వపు గోడనుండి. ఇన్ని విభిన్న మార్గము లుండుటచే సహనివేశజీవనము ఈ వర్గమున ఒక్కసారి గాక పలుమారులు స్వతంత్రముగా ఆవిర్భవించినదని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు.

బోట్రిల్లస్ జీవనచక్రము ప్రత్యేకముగా వర్ణింపదగినది. ఏ సమయమున చూచినను ఆ సహనివేశమున మూడు తరములు ఒకేసారి నివసించుచుండును. నోరుతెరచి ఆహారము గొనుచున్న ప్రౌఢ జూయిడ్లు మొదటి తరము. వాని పార్శ్వములనుండి పుట్టి, అవయవములు ఏర్పడుచున్న కోరకములు రెండవ తరము. ఆ కోరకముల పార్శ్వములనే అప్పుడప్పుడే మొలకెత్తుచున్న చిన్ని ఉబ్బులు మూడవ తరము. ఇంచుమించు 18 మొదలు 20 డిగ్రీల వెచ్చదనముగల నీటిలో ఒక్కొక్క ప్రౌఢతరము ఆహారము గొనుకాలము వారము మాత్రమే. వారము ముగియునప్పటికి ప్రౌఢ జూయిడ్లు అన్నియు, ఒక్కటియు మిగులక, ఒకేసారి నోరు మూసికొనును. గ్రసని కుంచించుకొనిపోవును, కణములు నియతమరణము నొందుట ప్రారంభించును, రక్తమందలి భక్షకకణములు గుంపులుగా చేరి ఆ దేహములను లోనుండి కబళించును. హృదయము మాత్రము తక్కిన అవయవములు కరగిపోవుచున్నను చాలసేపు కొట్టుకొనుచుండును. ఒకటి ఒకటిన్నర దినములలో ప్రౌఢతరము పూర్తిగా అదృశ్యమై, దాని స్థానమున రెండవతరము నోరు తెరచి క్రొత్త నక్షత్రములుగా అమరును; మూడవతరము రెండవదగును; దానిపై మరల క్రొత్త మొలకలు తోచును. జీర్ణించిన తరపు పదార్థము వ్యర్థము గాక పెరుగుచున్న కోరకములకు పోషణమగును. ప్రౌఢ జూయిడ్లను శస్త్రముతో ముందుగనే తొలగించినచో కోరకములు సకాలమునకు పూర్వమే విచ్చుకొనుట, అవి పరిమాణమున కొరతపడుట పరిశోధకులు చూచిరి. ఇట్లు దేహము వారమునకొకటి నశించుచున్నను సహనివేశము నెలల తరబడి, ప్రయోగశాలలలో సంవత్సరముల తరబడి జీవించుచున్నది. ఆ ప్రాణి వయస్సెంతయని అడిగినచో వారమనియు చెప్పవచ్చును, పదేండ్లనియు చెప్పవచ్చును. వ్యక్తియను మాటను మనము జూయిడ్‌కు అన్వయింతుమా, సహనివేశమునకు అన్వయింతుమా యను దానినిబట్టి సమాధానము మారును.

లైంగిక ప్రత్యుత్పత్తియు ఈ వారపు చక్రమునకే ముడివడియున్నది. జూయిడ్లు ఉభయలింగములు. క్రొత్త తరము నోరు తెరచినంతనే పక్వాండములు సిద్ధముగ నుండి, నీటిప్రవాహముతో వచ్చు అన్య సహనివేశముల శుక్రకణములచే ఫలదీకృతములగును. ఆ జూయిడ్ల సొంత శుక్రకణములు ఒకటి రెండు దినములు గడచినగాని వెలువడవు. స్వఫలదీకరణమును తగ్గించు ఈ కాలభేదము మిక్కిలి సున్నితమైన ఏర్పాటు. పిండములు తల్లి దేహమునందే వారముపాటు పెరిగి, ఆ తరము నశించుటకు కొంచెము ముందుగా తోకగల డింభకములై బయటికి వచ్చును. వీనికి ఆహారము గొను నోరు లేదు. వెలుగును, గురుత్వాకర్షణ దిశను గ్రహించు ఇంద్రియమొక్కటి, పృష్ఠవంశముతో బలపడిన తోకయొకటి, ముందుభాగమున అతుకుకొనుటకు మూడు బుడిపెలు కలవు. కొలది నిమిషములో కొలది గంటలో ఈది, తగిన చోటు దొరకినంతనే ముందుబుడిపెలతో అంటుకొని, తోకను దేహములోనికి లాగుకొని కరిగించివేయును. పృష్ఠవంశముతోపాటు నాడీదండమును అంతర్ధానమగును. దీనినే తిరోగామి రూపవిక్రియ యందురు. మిగిలిన దేహము లోలోపల తిరిగి, ముఖద్వారమును పైకి తెచ్చుకొని, మొదటి జూయిడ్‌గా జీవితమారంభించి, వారము గడవకమునుపే కోరకమును తొడుగును. డిప్లొసోమా జాతులలో డింభకము ఈదుచుండగనే దాని లోపల కోరకము ఏర్పడియుండును.

ఈ డింభకములు దూరము పోజాలవు గావున ఒకేరాతిపై తోబుట్టువులు చేరువగా నాటుకొనుట సామాన్యము. 1986లో గ్రాస్‌బర్గ్, క్విన్ అనువారు బోట్రిల్లస్ డింభకములు జన్యుబంధుత్వము గలవాని చెంతనే నాటుకొనుచున్నవని చూపిరి. పెరుగుచు పోయినకొలది రెండు సహనివేశముల అంచులు ఒకనాడు తాకును. అప్పుడు జరుగు వ్యవహారమే ఈ ప్రాణికి జీవశాస్త్రమున విశేషఖ్యాతిని తెచ్చినది. రెండింటి అంచునందలి బుడిపెలును ఒకదానివైపు ఒకటి చాచుకొని, కంచుకములను కరిగించుకొని, కొనలు మోపును. కొన్ని జంటలలో ఆ కొనలు ఒకటైపోయి, ఒకదాని రక్తము రెండవదానిలోనికి ప్రవహింపనారంభించి, రెండు సహనివేశములు ఒక్కటగును. కొన్ని జంటలలో స్పర్శ జరిగిన తావుననే రక్తకణములు బుడిపెలను చీల్చుకొని వెలువడి, పగిలి, నల్లని మచ్చలను మిగిల్చి చచ్చును. నడుమ గోడ కట్టినట్లు రెండును వెనుదిరుగును. ఈ కలయికను 1903లో బాన్‌క్రాఫ్ట్ వర్ణించెను. జపాను దేశమున ఓకా, వతనాబే అను పరిశోధకులును, ఇటలీలో సబ్బదిన్ అను జన్యుశాస్త్రజ్ఞుడును 1950, 1960 దశకములలో పెంపకప్రయోగములు చేసి, కలయుటయు విడివడుటయు మెండెల్ నియమము ననుసరించి యొకే జన్యుస్థానముచే నిర్ణయింపబడుచున్నవని నిరూపించిరి. ఆ స్థానమున ప్రతి సహనివేశమునకు రెండు యుగ్మవికల్పములు ఉండును. రెండింటిలో ఒక్కటైన సమానమైనచో కలయును, ఒక్కటియు సమానము కానిచో వైరము. తల్లికిని బిడ్డకును ఒకటి తప్పక సమానమగుటచే తల్లి తన సంతతిని ఎన్నడును త్రోసివేయదు. నాలుగు వేర్వేరు వికల్పములుగల తలిదండ్రుల సంతానమున యాదృచ్ఛికముగా రెండింటిని తీసికొన్నచో నాలుగింట మూడుపాళ్ళు కలయు అవకాశము కలదు. సముద్రమున ఈ వికల్పములు అసంఖ్యాకములగుటచే పరాయి సహనివేశములు కలయుట అరుదు.

మానవులలో అవయవమార్పిడి జరిగినప్పుడు దేహము పరాయికణజాలమును త్రోసిపుచ్చుటకును దీనికిని గల పోలిక చూచినవారిని ఆకర్షింపక మానదు. 1960లో నోబెల్ బహుమానమునందిన మాక్‌ఫార్లేన్ బర్నెట్ 1971లో వ్రాసిన వ్యాసమున సహనివేశ సముద్రజీవుల ఆత్మపరిజ్ఞానమునందు రోగనిరోధకవ్యవస్థకు మూలము వెదకవలెనని సూచించెను. ఆ సూచనననుసరించి అమెరికాయందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున వైస్‌మన్ బృందము దశాబ్దములుగా బోట్రిల్లస్‌ను పరిశీలించినది. 2013లో దీని జన్యురాశి ప్రకటింపబడినది. ఆ యేడే కలయికను నిర్ణయించు జన్యువు నొకదానిని గుర్తించినట్లు ప్రకటించిరి. విశేషమేమనగా, ఈ స్థానమందలి జన్యువులు మన కణజాలసామ్యమును నిర్ణయించు జన్యువులకు సోదరములు గావు. స్వపరభేదమును గుర్తించు పని యొక్కటియే, పనిముట్లు వేరు. రక్తకణముల విషయమున మాత్రము సామీప్యము హెచ్చు. 2018లో వెలువడిన పరిశోధన బోట్రిల్లస్ రక్తమున స్తన్యజీవుల వానిని పోలిన మూలకణములును, పరాయికణములను చంపు కణములును కలవని చూపినది.

బంధువులతోనే కలయవలెనను ఈ నియమమునకు ప్రయోజనమేమి? సమాధానము రక్తప్రవాహముననే యున్నది. కలసిన రెండు సహనివేశముల మధ్య రక్తముతోపాటు మూలకణములును, బీజకణములకు మూలమైన కణములును రాకపోకలు సాగించును. సబ్బదిన్, జానియోలో 1979లో చూపినట్లు, కలసిన పిదప ఒక భాగస్వామి బీజకణములు రెండవదాని జూయిడ్లలో స్థావరమేర్పరచుకొని, అతిథేయి దేహమున తమ సంతానమునే కలిగించగలవు. కొన్నిసార్లు ఒక భాగస్వామి జూయిడ్లు పూర్తిగా కరిగిపోయినను దాని బీజకణములు గెలిచినదాని దేహమున నివసించుచు తరతరములకు అండములనిచ్చుచుండును. కంటికి కనబడు దేహము ఒకరిది, దానినుండి పుట్టు సంతానము మరియొకరిది. ఇట్టి దోపిడికి బంధువులు గురియైనచో నష్టము కొంత తక్కువ, ఏలయన దోచిన జన్యువులలో సగము తనవే. పరాయిని దగ్గరకు రానీయని ఆ కఠినమైన నియమము బీజకణములకు కాపలాగా ఏర్పడినదను వాదము నాకు మిక్కిలి సమంజసముగ తోచుచున్నది. రోగక్రిములనుండి రక్షణ పొందుటకన్న, తన వంటి ప్రాణియొక్క కణములనుండి తన వంశమును కాపాడుకొనుటయే ఇచ్చట ముఖ్యావసరమై యుండవలెను.

ఈ కణములకు గల సామర్థ్యము బోట్రిల్లస్‌కు దాయాదియగు బోట్రిల్లాయిడెస్‌లో ఇంకను స్పష్టము. జూయిడ్లను, కోరకములను తీసివేసి రక్తనాళపు ముక్కను మాత్రము మిగిల్చినను, కొలది వారములలోపలనే దానినుండి సంపూర్ణమైన జూయిడ్ పుట్టి ఆహారము గొనుట 1995లో ఇశ్రాయేలు పరిశోధకుడు రింకెవిచ్, ఆయన సహచరులు ప్రకటించిరి. వెన్నెముకజీవులకు ఇంత సమీపజ్ఞాతియగు జంతువు రక్తకణములనుండి సమగ్రదేహమును పునర్నిర్మించుకొనుట మిక్కిలి విశేషము.

పెరుగుట, చీలుట, కలయుట, తునుకనుండి మరల లేచుట యను గుణములన్నియు కూడినప్పుడు ఈ జీవులు రేవులకు బెడదగ మారుట ఆశ్చర్యము గాదు. నావల అడుగునను, చేపల పెంపకపు వలలపైనను ఇవి దట్టముగ నల్లుకొనును. విశాఖపట్టణపు రేవున నీటమునిగిన వస్తువులపై చేరు జీవరాశిని ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞులు 1950 దశకమునుండియు పరిశీలించుచు వచ్చుటకు ఇట్టి ఆర్థికావసరమే ప్రేరకము. జపాను ప్రాంతపుదని భావింపబడు డిడెమ్నమ్ వెక్సిల్లమ్ ఓడలతోను, ఆలిచిప్పల రవాణాతోను న్యూజిలాండు, ఐరోపా, ఉత్తర అమెరికా తీరములకు ప్రాకి, అమెరికా తూర్పుతీరపు జార్జెస్ బ్యాంక్ అను చేపలగట్టున గులకరాతినేలను విస్తారముగ కప్పివేసినది. వేల్స్‌లోని హోలీహెడ్ రేవున తేలుకట్టలను ప్లాస్టిక్ సంచులతో చుట్టి దీనిని ఊపిరాడకుండ చంపజూచిరి; కొంతకాలమునకు అది మరల కనబడినది. దీనిని తునుకలు చేసి నీట విసరుట మరింత వ్యాప్తికే దారితీయును. ప్రకృతిలో వీనికి శత్రువులు లేకపోలేదు. బల్లపరుపు పురుగులు, కొన్ని సముద్రపు నత్తలు వీనిని తినును. ట్రివియా అను చిన్ననత్త కంచుకమును కొరికి గుంత చేసి అందు తన గ్రుడ్లను దాచును.

ఉష్ణసముద్రములలోని డిడెమ్నమ్ కుటుంబపు జాతులు కొన్ని పచ్చగా నుండుటకు వాని ఉమ్మడి కుహరములలో వసించు ప్రోక్లోరాన్ అను సూక్ష్మజీవి కారణము. 1970 దశకమున లెవిన్ వర్ణించిన ఈ బాక్టీరియము, మొక్కలవలె రెండువిధముల పత్రహరితము గలది. అతిథేయికి సూర్యకాంతినుండి చేసిన ఆహారమును పంచియిచ్చును. ఇట్టి అతిథులవలననే సహనివేశ కంచుకజీవులు వైద్యశాస్త్రమునకును ఉపకరించినవి. కరిబియన్ ప్రాంతమున మడచెట్ల వేళ్ళపై పెరుగు ఎక్టీనాసిడియా టర్బినేటాలో కాన్సరును అణచు పదార్థమున్నదని 1969లోనే గుర్తించినను, దాని నిర్మాణము తెలియుటకు ఇరువదేండ్లు పట్టినది. టన్ను ప్రాణులను సేకరించినను ఇంచుమించు గ్రాము మాత్రమే లభించుచుండుటచే, ఒక నేలబాక్టీరియము చేయు పదార్థమునుండి దీనిని సంశ్లేషించు మార్గము కనుగొనిరి. ట్రాబెక్టెడిన్ అను ఈ ఔషధమునకు 2007లో ఐరోపాలోను, 2015లో అమెరికాలోను మృదుకణజాలపు కాన్సరు చికిత్సకు అనుమతి లభించినది. మధ్యధరా సముద్రపు అప్లీడియమ్ ఆల్బికాన్స్ నుండి దొరకిన ప్లిటిడెప్సిన్‌కు 2018లో ఆస్ట్రేలియా అనుమతి నిచ్చినది. ఎక్టీనాసిడియాలోని ఔషధమును ఆ ప్రాణి స్వయముగ చేయుట లేదనియు, దాని కణజాలమున వసించుచు వేరుగా పెంచుటకు లొంగని ఒక బాక్టీరియము చేయుచున్నదనియు తరువాతి జన్యుపరిశోధనలు తెలిపినవి.